ఒక టికెట్టు, రెండు షిఫ్టులు

మే 3, శుక్రవారం

సినిమా మొత్తం చూశాను, మొదటి నుంచి చివరి దాకా. బాగాలేదు.

మే 4, శనివారం

నిన్న ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. పదకొండేళ్ళ తర్వాత సినిమా పూర్తిగా చూసిన మనిషి రాయాల్సిన ముక్కేనా అది? అందుకని ఇవాళ తీరిగ్గా తిడతాను.

కవలల కథ. ఒకడు పోలీసు, రెండోవాడు దొంగ. ఇద్దర్నీ ఒకే హీరో వేశాడు, తేడా తెలియాలని దొంగకి గడ్డం పెట్టారు. ఇంటర్వెల్ దాకా బండి బాగానే నడిచింది. తర్వాత దొంగ గడ్డం గీయించుకుని పోలీసు ఇంటికి వెళ్తే పెళ్ళాం గుర్తుపట్టదు, కన్నతల్లి గుర్తుపట్టదు, కుక్క ఒక్కటే గుర్తుపడుతుంది. ఆ కుక్క మీద ఒక పాట! హాల్లో ఉన్న పాతికమందీ ఫోన్లు బయటికి తీశారు.

ఆ తల్లి మంచాన పడుతుంది. పక్కన మాత్రల స్ట్రిప్పు, అందులో రెండు గదులు ఖాళీ. కొడుకు నీళ్ళ గ్లాసు తెచ్చేసరికి స్ట్రిప్పు నిండుగా ఉంది. ఇరవై రెండేళ్ళు మాత్రల ఫ్యాక్టరీలో ఖాళీ గదులు ఏరిన కళ్ళివి. పరిగెత్తే బెల్టు మీదే దొరకబుచ్చుకుంటాయి, తెర మీద వదులుతాయా? మా లైన్ మీదికి వచ్చి ఉంటే ఆ సినిమానే తీసి ఎర్ర డబ్బాలో పడేసేదాన్ని.

అసలు సంగతి ఏమిటంటే, ఈమధ్య ఎవరికీ రెండో సగం తీయడం చేతకావడం లేదు. ఒకప్పుడు రెండో సగాలు ఎంత బాగుండేవి! మొదటి సగంలో నీరసంగా పడున్న సినిమా కూడా రెండో సగంలో లేచి కూర్చునేది.

మే 6, సోమవారం

ఉదయం షిఫ్టు ఇంకా ఒంటికి పట్టలేదు. సూపర్‌వైజరు మళ్ళీ అదే అడిగాడు.

"రెండుసార్లు ఇస్తానంటే వద్దన్నారు కదమ్మా. ఇప్పుడు మీరే వచ్చి అడిగారేంటి?"

అప్పుడు బస్సు కుదరలేదు, ఇప్పుడు కుదిరింది అన్నాను. నిజమే, అప్పట్లో ఐదింటికి బస్సు ఉండేది కాదు. ఉండేది కాదనే నా గుర్తు.

ఉదయం షిఫ్టులో నా కుర్చీలోనే కూర్చునే ఆయన రిటైరయ్యారు, కుర్చీ ఖాళీ అయింది, నేను కూర్చున్నాను. ఇందులో వింతేముంది? పదకొండేళ్ళు మధ్యాహ్నం రెండింటికి వచ్చి, ఆయన దించుకున్న కుర్చీని నేను పైకి లేపుకునేదాన్ని. ఇప్పుడా పని కూడా లేదు.

మే 10, శుక్రవారం

హత్య సినిమా. హంతకుడు డాక్టరని ఇరవయ్యో నిమిషంలోనే పట్టేశాను. సినిమా మొత్తంలో ఊరికే నవ్వేవాడు అతనొక్కడే. డైరెక్టరు మాత్రం అదేదో బ్రహ్మరహస్యమైనట్టు ఇంకో రెండు గంటలు దాచాడు. చివర్లో డాక్టరే నిలబడి, ఎందుకు చంపాడో, ఎలా చంపాడో, చిన్నప్పుడు ఎవరు కొట్టారో అన్నీ ఏకరువు పెట్టాడు. పోలీసులు చేతులు కట్టుకుని విన్నారు.

బయటికొచ్చాక ఇదంతా చెప్పడానికి ఎవరూ లేరు. బస్టాపులో నిలబడ్డ ఒకావిడని "ఈ సినిమా చూశారా?" అని అడిగాను. ఆవిడ సంచి దగ్గరికి లాక్కుంది.

మే 12, ఆదివారం

చెల్లెలు ఫోన్ చేసింది. దాంతో సినిమాల సంగతి ఎత్తడం నాదే బుద్ధితక్కువ.

"ఈ రెండో సగాలు చూడలేక చస్తున్నానే. పడవాయన సినిమా లాంటిది మళ్ళీ ఎవరైనా తీశారా? చివర్లో ఆ ముసలాయన అక్షరాలు నేర్చుకుని కొడుక్కి ఉత్తరం రాస్తాడు చూడూ..." అన్నాను.

"ఏ ఉత్తరం అక్కా? కొడుకు తెడ్డు పెట్టి విలన్‌ని చితక్కొడతాడు కదా!"

ఇది మొదటిసారి కాదు. కనీసం పది సినిమాల మీద మాకిదే తగువు. ఒళ్ళో ఒకణ్ణి, పక్కన ఇంకొకణ్ణి పెట్టుకుని, వాళ్ళకి పాప్‌కార్న్ పంచుతూ చూస్తే సినిమా ఏం బుర్రకెక్కుతుంది? దానికి సినిమా చూడ్డం రాదు.

"అయినా నువ్వు సగం సినిమానే కదా చూసేదానివి, మళ్ళీ నాకు చెప్తావేంటి? ఆ సగం గొడవ ఏమిటో ఒక్కసారైనా సరిగ్గా చెప్పావా?" అంది.

చెప్పాను. చెప్తుంటే నాకే ఎక్కడో వింటున్న కథలా అనిపించింది. నాది రెండింటికి ఎక్కే షిఫ్టు, ఆయనది రెండింటికి దిగే షిఫ్టు, కుర్చీ ఒకటే. రోడ్డుకి అవతల థియేటరు. శుక్రవారం పన్నెండున్నరకి కొత్త బొమ్మ వేసేవాళ్ళు. ఇంటర్వెల్ పడగానే నేను లేచి పరిగెత్తాలి. ఒకరోజు రొప్పుతూ వచ్చి, "హంతకుడెవరో తెలియకుండా పది దాకా ఎలా చచ్చేదండీ" అని విసుక్కుంటే, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ సగం టికెట్టు ఇలా ఇవ్వండి. మిగతాది నేను చూసొచ్చి రేపు చెప్తాను" అన్నారు. అప్పటిదాకా మా మధ్య "ఇవాళ బెల్టు కాస్త వేగంగా ఉందండీ" తప్ప వేరే మాట లేదు.

గేటు దగ్గర టికెట్లు చింపే ఆయనని అడిగాం. సీటు ఒకటే, మనుషులిద్దరూ ఒకేసారి కూర్చోరు కాబట్టి తప్పులేదని ఆయన తీర్పు చెప్పాడు. హాల్లో సగం జనం మా ఫ్యాక్టరీ వాళ్ళే, అందుకని మా సైరను మోగాకే రెండో సగం వేసేవాళ్ళు. శుక్రవారం ఐదు నిమిషాల్లో నేను మొదటి సగం చెప్పి ఆయన చేతిలో టికెట్టు పెట్టేదాన్ని. శనివారం పది నిమిషాలు ముందొచ్చేదాన్ని, ఆయన రెండో సగం చెప్పేవారు. ఈ రెండింటి మధ్యా నాకొక పూర్తి షిఫ్టు, కథ ఎటు తిరుగుతుందా అని ఆలోచించుకోవడానికి. మామూలు రోజుల్లో "రండి మేడమ్" అనేవారు. శనివారాలు మాత్రం "రండి ఇంటర్వెల్ గారూ" అనేవారు.

అంతా విని చెల్లెలు, "నువ్వు అన్నిట్లోనూ ఇంతే. పెళ్ళిలోంచి కూడా ఇంటర్వెల్ పడకముందే లేచొచ్చావు" అంది.

ఎనిమిది నెలలు కాపురం చేశాను. అది సినిమా అయితే పేర్లు వేయడం కూడా పూర్తయ్యుండదు. నవ్వేసి పెట్టేశాను గానీ, తర్వాత చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను.

మే 17, శుక్రవారం

దయ్యం సినిమా. ఆ దయ్యం పాడుబడ్డ బంగళాలో నూరేళ్ళు ఒక్కతే ఉందట. నూరేళ్ళలో ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడలేదట. మరి హీరో తలుపు తీయగానే అంత గడగడా ఎలా మాట్లాడింది? తీసినవాడికి ఒంటరితనమంటే తెలియదు. నాకు ఆదివారం సాయంత్రానికే గొంతు పూడుకుపోతుంది. సోమవారం పొద్దున్న హాజరు మిషను దగ్గర ఎవరైనా పలకరిస్తే మొదట గాలే వస్తుంది, మాట తర్వాత వస్తుంది.

పాటలు ఫరవాలేదు.

మే 18, శనివారం

రెండింటికి దిగి, గేటు బయట పది నిమిషాలు నిలబడ్డాను. ఎవరికోసమూ కాదు, అలవాటు.

మే 24, శుక్రవారం

హెడ్మాస్టరు రిటైరయ్యే సినిమా. వీడ్కోలు సభే ఇరవై నిమిషాలుంది. ఆయన మాట్లాడాడు, పిల్లలు ఏడ్చారు, పూలు చల్లారు, అటెండరు కాళ్ళ మీద పడ్డాడు. నా పక్క సీటావిడ ముక్కు చీదింది.

నిజంగా అయితే అలా ఉండదు. నిజంగా అయితే ఏప్రిల్ ముప్పై, మంగళవారం, రెండింటికి ఒకాయన కుర్చీలోంచి లేచి, "ఇక వెళ్తానండీ" అంటారు. అవతలి మనిషి "మంచిదండీ" అంటుంది. బెల్టు కదులుతుంది. అంతే సీను.

మంచిదండీ! ఏం మంచిది నా మొహం? సినిమాల మీద ఇన్ని పేజీలు వాగేదాన్ని, ఆ పూట నోట్లో ఇంకో మాట లేకపోయింది. కనీసం "అప్పుడప్పుడూ కనిపిస్తుండండి" అన్నా అనుండొచ్చు. ఎదురింటివాళ్ళకి కూడా ఆ మాట అంటాం.

ఈ పుస్తకంలో ఆయన ఊసు రాయకూడదనుకున్నాను. సినిమాల సంగతే రాయాలి.

మే 31, శుక్రవారం

ఏదో సినిమా. హీరో పాతికమందిని కొట్టాడు. ఇంటికొచ్చి దీపం వేయకుండానే కూర్చున్నాను.

జూన్ 7, శుక్రవారం

కొత్త సినిమా వాయిదా పడిందట. దాని బదులు పాతది వేశారు. పోస్టరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. పడవాయన సినిమా!

ఏడేళ్ళ కిందటిది. నాకు తెలిసిన సినిమాల్లో అదే గొప్పది. టీవీలో ఎన్నిసార్లు వేసినా చూడలేదు. చూసిన సినిమాయే కదా, గుర్తున్నది గుర్తున్నట్టే ఉండనీ అనుకునేదాన్ని. మొదటి సగంలో ముసలి పడవాయన కోపం పట్టలేక కొడుకుని ఇంట్లోంచి గెంటేస్తాడు. అక్కడ ఇంటర్వెల్. ఆ మర్నాడు ఆయన చెప్పిన రెండో సగం మాట పొల్లుపోకుండా గుర్తుంది. ముసలాయన రేవు పక్కనున్న బళ్ళో, చిన్నపిల్లల మధ్య నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకుంటాడు. తెడ్డు పట్టిపట్టి వేళ్ళు వంకరపోయి ఉంటాయి, బలపం నిలవదు. ఏడాది కష్టపడి ఒకే ఒక్క వాక్యం రాస్తాడు: "పడవ బాగుచేయించాను, ఇద్దరు పడతారు." కొడుకు వచ్చాడో లేదో చూపించలేదన్నారు. ముసలాయన పడవలో రెండో తెడ్డు పెడుతుంటే సినిమా అయిపోయిందన్నారు. ఆ రోజు షిఫ్టంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. మందుల పొడి పడిందని పక్క లైను వాళ్ళకి చెప్పాను.

ఇవాళ ఆ బడి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. బడి రాలేదు, బలపం రాలేదు. కొడుకు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరపడవలో దిగాడు. తెడ్డు తీసుకుని రేవులో ఉన్నవాళ్ళందర్నీ బాదాడు. తండ్రి చప్పట్లు కొట్టాడు. పడవ మీద డాన్సు చేశారు. శుభం కార్డు పడింది.

జనం వెళ్ళిపోయాక గేటాయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమయ్యా, సినిమా కోసేశారా? ముసలాయన బడికి వెళ్ళే సీను ఏదీ?"

"ఏ బడమ్మా? ఈ బొమ్మ అప్పుడూ ఇంతే. వంద రోజులు ఆడింది, వంద రోజులూ చూశాను."

"మరి ఆ ఉత్తరం?"

"ఉత్తరం ఎవరు చెప్పారు మీకు?"

"మా ఆయ..." అని ఆగాను. "మా ఫ్యాక్టరీ ఆయన. నా టికెట్టు మీద వచ్చేవారు చూడు."

గేటాయన పడీ పడీ నవ్వాడు. "ఆయన సినిమా ఎప్పుడు చూశాడమ్మా? సీట్లో కూలబడ్డం, గురక పెట్టడం! మూడు వరుసల దాకా వినబడేది. జనం గొడవ చేస్తే, పాపం పెద్దాయన కదా అని గోడవార సీటుకి మార్చేవాణ్ణి. లైట్లు వేశాక నేనే లేపేవాణ్ణి. లేవగానే ఒకటే అడిగేవాడు, 'ఎవరైనా చచ్చారా?' అని. చచ్చారంటే తల అడ్డంగా ఊపుకుంటూ పోయేవాడు."

"ఎన్నిసార్లు ఇలా?"

"ఎన్నిసార్లేంటమ్మా, ప్రతి వారం."

జూన్ 8, శనివారం

మోసం.

జూన్ 11, మంగళవారం

పదకొండేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు. రైలు తప్పిపోయిన పెళ్ళికొడుకు స్టేషన్‌లోనే టీ కొట్టు పెట్టుకున్న సినిమా అబద్ధం. దొంగ ఇల్లు దోచడానికి వెళ్ళి ఆ ఇంటి ముసలమ్మకి పేపరు చదివిపెట్టిన సినిమా అబద్ధం. వీటి మీద నేను చెల్లెలితో ఎన్నిసార్లు పోట్లాడాను! దానికి సినిమా చూడ్డం రాదన్నాను. ఫ్యాక్టరీలో ఎంతమందికి ఈ కథలు చెప్పానో, వాళ్ళలో ఎంతమంది వెనక నవ్వుకున్నారో!

నిద్రొచ్చింది, పడుకున్నాను అంటే నేను ఉరి తీస్తానా?

జూన్ 14, శుక్రవారం

సినిమాకి వెళ్ళలేదు.

జూన్ 16, ఆదివారం

చెల్లెలికి ఫోన్ చేసి, ఆ పది సినిమాల్లోనూ నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అది కూడా నాలాగే మండిపడుతుందనుకున్నాను. పిల్లల్ని అవతలికి పొమ్మంది. తర్వాత, "మా ఆయన చూసిన సినిమా కథ కూడా నాకు చెప్పడక్కా" అంది.

ఏం మాటో ఏమో. దాన్ని పిల్లలు పిలిచారు, పెట్టేసింది.

జూన్ 19, బుధవారం

ఇవాళ ఆయన ఫ్యాక్టరీకి వచ్చారు.

గుర్తింపు కార్డు, లాకరు తాళం ఇచ్చేయడానికట. మా లైను గాజు గోడకి ఇవతల ఉంటుంది. పదిన్నరకి తల తిప్పితే అవతల నిలబడి ఉన్నారు, బూడిద రంగు చొక్కాలో. వెంటనే తల దించేశాను. మళ్ళీ ఎత్తలేదు. నిలబడనీ, నిద్రపోతూ నిలబడ్డం కూడా వచ్చేమో అనుకున్నాను. బెల్టు నా ముందు నుంచి వెళ్తూనే ఉంది. చివరికి తల ఎత్తేసరికి గాజు అవతల ఎవరూ లేరు. గోడ గడియారం చూస్తే ఇరవై నిమిషాలు గడిచాయి.

టీ టైములో సూపర్‌వైజరు చెప్పాడు. "ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. ముప్పయ్యో తారీకు ఆదివారం కూతురు దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. ఇక ఇటు రానని చెప్పాడు. మీకోసం చూశాడు, మీరు పనిలో ఉన్నారు."

షిఫ్టు దిగే ముందు క్వాలిటీ వాళ్ళు పద్నాలుగు స్ట్రిప్పులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అన్నీ ఖాళీ గదులున్నవే, అన్నీ పదిన్నర తర్వాత నా ముందు నుంచి వెళ్ళినవే. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. కళ్ళు చూపించుకోమన్నారు. చూపించుకుంటానన్నాను.

జూన్ 21, శుక్రవారం

సినిమాకి వెళ్ళాను. ఒక పోస్టుమాన్, అతను ప్రేమించిన నర్సు. ఆమెకి వేరే ఊరు బదిలీ అయింది, అక్కడ ఇంటర్వెల్. లేచి వచ్చేశాను.

ఆయన చేసింది నేనూ చేయగలను, అదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పోస్టుమాన్ కూడా ఆ ఊరికి బదిలీ చేయించుకుంటాడు. ఛీ, అది ఎవరైనా అనుకుంటారు. నర్సుకి యాక్సిడెంట్ అవుతుంది. అది మరీ దరిద్రం.

జూన్ 23, ఆదివారం

మూడు రోజులైంది. పోస్టుమాన్ ఇంకా బస్టాండులోనే నిలబడి ఉన్నాడు.

నాకు ఒక్క కథకి మూడు రోజులు చాలలేదు. ఆయన శుక్రవారం మధ్యాహ్నం ఐదు నిమిషాల్లో విన్న దాన్ని శనివారం మధ్యాహ్నానికి ముగించుకుని వచ్చేవారు. ఏడాదికి యాభై వేసుకున్నా ఐదొందల పైచిలుకు. ఒక్కటి కూడా ఇంకోదానిలా ఉండేది కాదు. ఇవాళ వంట చేస్తూ ఇంకో సంగతి కనిపెట్టాను. ఆ ఐదొందల కథల్లో ఒక్కరూ చనిపోలేదు. ముసలివాళ్ళు బతికారు, జబ్బుపడ్డవాళ్ళు లేచి తిరిగారు, తప్పిపోయినవాళ్ళు దొరికారు. హంతకుల కథల్లో కూడా, చచ్చాడనుకున్నవాడు చివర్లో ఏ ఆసుపత్రిలోనో కళ్ళు తెరిచేవాడు. ఆ రోజుల్లో సినిమావాళ్ళకి మంచి మనసుండేది అనుకునేదాన్ని.

ఆయన భార్య పోయిన ఏడాదే నేను ఆ సగం టికెట్టు ఇచ్చింది. ఇది నాకు ఎప్పుడూ తెలిసిందే. ఈ రెండూ ఒక్కచోట పెట్టి చూసుకోలేదు.

అన్నం మాడిపోయింది.

జూన్ 28, శుక్రవారం

వెళ్ళలేదు. ఆదివారం వెళ్ళిపోతున్నారు. వెళ్ళనీ, నాకేంటి?

జూన్ 29, శనివారం

నాకేంటి అని నిన్న రాశాను. అబద్ధం. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధమే రాస్తే ఇక నిజం ఎక్కడ రాసుకుంటాను?

సినిమాలు బాగాలేక కాదు. మే నుంచి చూసినవాటిలో రెండు మూడు బాగానే ఉన్నాయి, దయ్యం సినిమా అయితే నిజంగా బాగుంది. నాకు ఆయన కావాలి. శనివారం రెండింటికి పది నిమిషాల ముందు ఆయన ఎదురుగా నిలబడి "తర్వాత ఏమైంది?" అని అడగాలి. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

రేపు వెళ్ళాలి. వెళ్ళి ఏమనాలో తెలియదు. "మంచిదండీ" మాత్రం అనను.

జూన్ 30, ఆదివారం

వెళ్ళాను. గేటాయన దారి చెప్పాడు.

ఇంటి ముందు వ్యాను నిలబడి ఉంది. అందులో అప్పటికే మంచం, బీరువా ఎక్కించారు. రెండో అంతస్తు. మెట్ల మీద ఎన్ని మాటలు కూర్చుకున్నానో లెక్కలేదు. తలుపు తెరిచే ఉంది. ఆయన నేల మీద కూర్చుని పుస్తకాల పెట్టెకి తాడు కడుతున్నారు. నన్ను చూసి లేవబోయారు.

"మీరా మేడమ్! రండి, రండి. కుర్చీలన్నీ కిందికి పోయాయి..."

"మీరు నిద్రపోయేవారట," అన్నాను. నమస్కారం కూడా పెట్టలేదు.

ఆయన సగం లేచినవారు అలాగే కూర్చుండిపోయారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "గేటాయన చెప్పాడా?"

"గురక మూడు వరుసలకి వినబడేదట."

"నాలుగింటికి లేచేవాణ్ణండీ ఉదయం షిఫ్టుకి. ఆ చల్లదనం, ఆ చీకటి... మొదటి వారం మాత్రం నిజంగా చూద్దామనే కూర్చున్నాను."

"నిద్రపట్టేసిందని చెప్పొచ్చుగా? చెల్లెలితో పోట్లాడానండీ మీ మాట పట్టుకుని!"

"చెబ్దామనే వచ్చాను ఆ మర్నాడు," అన్నారు నెమ్మదిగా. "మీరు పది నిమిషాలు ముందొచ్చి నిలబడ్డారు. ఏమైంది, ఏమైంది అని అడిగారు. నన్నెవరైనా ఏదైనా అలా అడిగి అప్పటికి చాలా రోజులైంది. నిద్రపోయాను అంటే, పై శనివారం మీరెందుకు ముందొస్తారు?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆ పడవాయన ఉత్తరం కూడా మీ కల్పనేనా?" అన్నాను.

"అది నాదండీ," అంది వెనకనుంచి ఎవరో.

ఆయన కూతురు. అట్టపెట్టె నడుం మీద పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి, తండ్రిలాగే కళ్ళజోడు.

"బడి నాన్నది, ఉత్తరం నాది. ఆ ఒక్క వాక్యం కోసం ఇద్దరం సాయంత్రమంతా కొట్టుకున్నాం. శుక్రవారం మా ఇంట్లో ఇదే పని. నాన్న రాగానే మొదటి సగం చెప్పి, 'ఇప్పుడు ఏమైతే బాగుంటుందే?' అని అడిగేవాడు. అమ్మ పోయాక మా ఇద్దరికీ మాటలుండేవి కావు. శుక్రవారాలు మాత్రం తెగ మాట్లాడుకునేవాళ్ళం." ఆగి నన్ను కాస్త పరీక్షగా చూసింది. "ఇదంతా ఎవరికి నాన్నా అంటే, 'ఆఫీసులో ఒకాయన ఉన్నాడమ్మా, రేపు చెప్పకపోతే ఊరుకోడు' అనేవాడు."

నన్ను చూసింది, తండ్రిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఆ ఒకాయన మీరేనా?"

ఆయన తాడు ముడి మహా శ్రద్ధగా విప్పుతున్నారు. ఆ ముడి వేసింది ఇప్పుడే.

"సూపర్‌వైజరు నాకు రెండుసార్లు ఉదయం షిఫ్టు ఇస్తానన్నాడు," అన్నాను ఆ ముడినే చూస్తూ. "వద్దన్నాను. ఐదింటికి బస్సు లేదని చెప్పాను. బస్సు ఉందండీ. ఎప్పుడూ ఉంది."

కింద వ్యానువాడు హారను కొట్టాడు. ఖాళీ ఇల్లు కదా, ఆ మోత గదులన్నిట్లోనూ తిరిగింది.

కూతురు అట్టపెట్టె కింద పెట్టి, దాని మీదే కూర్చుంది.

"నాన్న మా దగ్గరికి వస్తే నాకు సంతోషమేనండీ. గది కూడా సర్దిపెట్టాం. కానీ రెండు నెలల నుంచి అడుగుతున్నా, నీకు రావాలని ఉందా అని. ఉందనడు, లేదనడు. 'ఇక్కడ ఉండటానికి కారణమేముందమ్మా' అంటాడు. అడిగినప్పుడల్లా అదే మాట." తండ్రి వైపు తిరిగింది. "ఇప్పుడూ అదే అడుగుతున్నా నాన్నా. కారణం ఏమైనా ఉందా?"

ఆయన తల ఎత్తారు. నోరు తెరిచారు. ఐదొందల కథలు ముగించిన మనిషికి ఒక్క మాట రాలేదు. నా వైపు చూశారు.

"ఉంది," అన్నాను నేను.